కొలతల కాగితంతో కొత్తవాడకు

కరీంనగర్‌లో పొద్దున ఆరున్నరకు బయలుదేరితే హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా రెండు గంటల్లో హన్మకొండ చేరుకోవచ్చు. మా హాలు సర్దడానికి కావలసినవి కొనేందుకు చేసిన ఈ ప్రయాణంలో మేము జాగ్రత్తగా పట్టుకున్నది కొలతలు రాసిన ఒక్క కాగితమే. హాలు 11 అడుగులు, 13 అడుగులు. సోఫా పొడవు 6 అడుగులు. ఫ్యాన్ రెక్కలు తిరిగే మేర 4 అడుగులు. తలుపుకీ నేలకీ మధ్య సందు అర అంగుళం. ఈ చివరి కొలత చాలామంది రాసుకోరు. దర్రీ, అంటే నేల మీద వేసే నేత పరుపు, పరిచాక తలుపు దాని అంచును ఈడ్చుకుపోతుంటే అప్పుడు గుర్తొస్తుంది.

హాలును బొహీమియన్ పద్ధతిలో, అంటే రకరకాల నారలు, అల్లికలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా సర్దాలన్నది ఆలోచన. దానికి ముందు నేల తేలాలి, గోడలు ఆ తర్వాత. అందుకే మొదట వరంగల్‌లో దర్రీలు నేసే కొత్తవాడ.

వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్లాయి. ఇక్కడి దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పెద్దవాళ్లు వీటినే షత్రంజీలంటారు. పేరు ఏదైనా కొనేటప్పుడు చూడాల్సింది వెనకవైపు. నేతలోనే డిజైన్ వస్తే రెండు పక్కలా ఒకేలా కనిపిస్తుంది. నేసిన తర్వాత అద్దకం వేసినదైతే వెనక రంగు వెలిసినట్టుంటుంది. అద్దకం వేసింది చెడ్డదని కాదు, నడిచే చోట అది ముందు అరుగుతుంది. గోడకు వేలాడదీయడానికి అది, కాళ్ల కింద నేతది. మంచి దర్రీలో పేకను (అడ్డపోగులను) పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టి కొట్టి దట్టం చేస్తారు, పడుగు (నిలువుపోగుల) నూలు బయటికి కనబడదు. వెలుతురుకు ఎత్తి చూస్తే చుక్కలు చుక్కలుగా కాంతి దిగుతుంటే కొట్టుడు చాల్లేదన్నమాట. ఎర్రవి, నీలివి కొనేముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల అర నిమిషం రుద్దాలి. గుడ్డకు రంగు అంటితే లేత రంగు సోఫా దగ్గర అది వద్దు. "మొదటిసారి కొంచెం దిగుతది, తర్వాత ఆగుతది" అని నేసేవాళ్లే చెప్పారు. ఆ కొంచెమే మెత్తల మీద పడుతుంది మరి.

మా హాలుకు 6×9 అడుగుల సాదా జనపనార పట్టా కింద, దాని మీద 4×6 నూలు దర్రీ ఏటవాలుగా. ఈ వరస మార్చి వేస్తే పనికిరాదు. జనపనార గరుకు, కింద కూర్చుంటే గుచ్చుతుంది. పైన నూలు ఉంటే కూర్చోగలం, తీసి ఉతకగలం. సోఫా ముందు కాళ్లు పట్టా మీదికి ఆరంగుళాలు ఎక్కాలి, లేకపోతే పట్టా హాలు మధ్యలో తెప్పలా తేలుతుంది. టైల్స్ మీద జారకుండా కింద రబ్బరు జాలీ వేయాలి, దాన్ని పట్టా కంటే అన్ని వైపులా అంగుళం తక్కువగా కత్తిరించాలి.

జనపనారకు శత్రువు నీళ్లు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం కాబట్టి ముందు దెబ్బతినేది అంచులే. తడి ఆరిన చోట గోధుమరంగు మరక నిలిచిపోతుంది, దాన్ని మళ్లీ కడిగితే మరక ఇంకా పెద్దదవుతుంది. తుడిచే రోజు పట్టా చుట్టి పక్కన పెట్టి, నేల పూర్తిగా ఆరాకే పరవాలి. మొదటి నెల పొట్టు రాలుతుంది, అది లోపం కాదు. వానాకాలంలో బాల్కనీ తలుపు దగ్గర మాత్రం వేయకండి, బూజు పడుతుంది.

ఒక పరీక్ష కూడా. దుకాణంలో జనపనార అని చూపే కొన్నింట్లో ప్లాస్టిక్ దారం కలుస్తుంది. అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని బయటికొచ్చి అగ్గిపుల్లతో కాల్చండి. అసలు నార కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. ప్లాస్టిక్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

వెదురు పని కోసం మధ్యాహ్నం ములుగు రోడ్డు పట్టాం. మేదరివాళ్ల దగ్గర గంపలు, చాటలు చూస్తే అన్నీ కొనాలనిపిస్తుంది. కాగితం ఉంది కాబట్టి ఆగాం: దీపానికి ఒక గంప, గోడకు ఐదు చాటలు. చాటలు అలకనివే అడిగి తీసుకోవాలి. గంప చేతికి బరువుగా, చల్లగా తగిలితే పచ్చి వెదురుతో అల్లిందే. అది ఆరేకొద్దీ అల్లిక వదులవుతుంది, ఆరినదే తీసుకోవాలి.

వెదురులో పిండి పదార్థం కోసం పురుగు చేరుతుంది. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు కింద సన్నటి పసుపు పొడి రాలితే పుచ్చు మొదలైనట్టే. అది రాకముందే 10 లీటర్ల వేడినీళ్లలో 300 గ్రాముల వెలిగారం, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, చల్లారాక ఒక రోజంతా పూర్తిగా ముంచి ఉంచాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి, పిల్లలను దూరం పెట్టాలి, ఈ గంపలో మళ్లీ తిండి వస్తువులు పెట్టకూడదు. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే బద్దలు విచ్చుకుంటాయి. వార్నిష్ ఆ తర్వాతే. ముందే పూస్తే మందు లోపలికి దిగదు.

బోర్లించిన గంప అడుగున హోల్డర్ పట్టేంత రంధ్రం చేసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేయాలి, పాతరకం ఫిలమెంట్ బల్బు వేస్తే వేడికి వెదురు నల్లబడుతుంది, అంటుకోనూ వచ్చు. బల్బుకీ అల్లికకీ మధ్య 3 అంగుళాలైనా ఖాళీ ఉండాలి. వేలాడే చోటు ఫ్యాన్ నడిబొడ్డు నుంచి 4 అడుగుల అవతల ఉండాలి, లేకుంటే గాలికి గంప ఊగుతూ గోడల మీద నీడలు తిరుగుతాయి. చూస్తుంటే తల తిరుగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గర గోడకు వేలాడదీసే ముడుల అల్లికకు (మాక్రమే) 4 మిల్లీమీటర్ల నూలు తాడు కొన్నాం. అయ్యాక పొడవు 36 అంగుళాలు కావాలంటే, ముడులు పలచగా వేసేటట్టయితే, ఒక్కో తాడు దానికి నాలుగు రెట్లు, అంటే 12 అడుగులు కోసి, అల్లిక వేలాడే కర్ర మీద సగానికి మడవాలి. పదహారు తాళ్లకు 192 అడుగులు, సుమారు 59 మీటర్లు. మేము 65 తీసుకున్నాం. ముడులు దట్టంగా వేసేవాళ్లకు నాలుగు రెట్లు చాలవు, సగానికి మడుస్తాం కాబట్టి ఎనిమిది దాకా పెట్టుకోవాలి. మధ్యలో తాడు అయిపోయి అతికిస్తే ఆ ముడి ఎంత దాచినా కనబడుతుంది.

రంగుల విషయంలో మేము కఠినంగా ఉన్నాం. నార సహజ రంగు కాక ఇంకా రెండే. దర్రీలోని ఇటుక ఎరుపు, మొక్కల ఆకుపచ్చ. బొహీమియన్ అంటే అన్ని రంగులూ కలపడం అనుకుని కొన్న మెత్తల గలీబులు చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉంటాయి.

కారులో పట్టాను మడతపెట్టలేదు, నిలువుగా చుట్టి పాత దుప్పటి తొడిగాం. మడిచిన గీత జనపనారలో విరిగిపోతుంది, ఆ చోటే ముందు చిరుగుతుంది. పరిచాక మూలలు పైకి లేస్తే చుట్టిన వైపుకు ఎదురుగా మళ్లీ చుట్టి రెండు రోజులు ఉంచాలి. అప్పటికీ లేచే మూల మీద తులసి కుండీ పెట్టబోయారు మాలో ఒకరు. కుండీ కింద తడి చేరుతుంది కదా, వద్దన్నాం. ఇప్పుడక్కడ ఇత్తడి బిందె ఉంది, ఖాళీది.