రంగు పలకల ఆట: జాతర నుంచి కార్తీకం దాకా

ఆట పేరు ఐ లవ్ హ్యూ. 2017లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ డబ్బులు కట్టకుండానే దించుకోవచ్చు. బోర్డు తెరవగానే పలకలన్నీ ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా దిగుతూ వరసగా కనిపిస్తాయి. చూస్తుండగానే చెల్లాచెదురైపోతాయి. నల్లచుక్క పెట్టిన పలకలు కదలవు. మిగతావాటిని రెండేసి చొప్పున చోటు మార్చుకుంటూ మళ్లీ ఆ వరసకు తేవాలి. గడియారం తరమదు, ఓడిపోవడమనేదే లేదు. అయిపోయాక మనకెన్ని మూవ్స్ పట్టాయో, ప్రపంచమంతా ఆడినవాళ్లకు సగటున ఎన్ని పట్టాయో చూపిస్తుంది. ఆ రెండో అంకె లేకపోతే ఇది పూర్తిగా విశ్రాంతి ఆటే. ఉంది కాబట్టి సగం విశ్రాంతి, సగం పంతం.

తిరుపతిలో గంగమ్మ జాతర అయ్యేసరికి మధ్యాహ్నాలు గడప దాటే పరిస్థితి ఉండదు. నేను మొదలుపెట్టింది అప్పుడే. ఇంట్లో బ్లౌజులు కుడతాను. కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఈ ఆట గురించి రాసుకుంటూ వచ్చిన ముక్కల్ని ఇక్కడ ఒక చోట పెడుతున్నా.

ఎండాకాలం: మూలల నుంచి

చిన్న బోర్డుల్లో తరచు నాలుగు మూలలూ కదలకుండా ఉంటాయి. ఆ నాలుగే బోర్డు మొత్తాన్ని నిర్ణయిస్తాయి. ఎడమ పై మూల వంకాయ రంగు, కుడి పై మూల కనకాంబరం అయితే, పై వరసలో ప్రతి పలకా ఆ రెండింటి కలయికే. ఎవరి పాలు ఎంతన్నదే తేడా. అందుకని ముందు నాలుగు అంచులూ సర్దుకుంటాను, తర్వాత లోపలికి వెళ్తాను. లోపలి పలకకు నాలుగు దిక్కులా సాక్షులుంటారు, కాబట్టి అక్కడ పని తేలిక.

కొంతమంది ముందు నీలాలన్నీ ఒక పక్కకు, ఆకుపచ్చలన్నీ ఒక పక్కకు కుప్పలేసి, ఆపైన సర్దుతారు. మనసు కుదుటపడటానికి ఆడేవాళ్లకు అదే మంచి పద్ధతి. కుప్ప చేయడంలోనే ఒక సుఖం ఉంది. మూవ్స్ లెక్క చూసుకునేవాళ్లకు మాత్రం అది గిట్టదు, ఎందుకో కింద చెప్తాను.

ఆషాఢం: మూవ్స్ లెక్క

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కుట్టుపని తక్కువ. కూర్చుని లెక్క వేశాను.

కదిలే పలకలు 20 ఉన్నాయనుకోండి. ప్రతి మూవ్‌లోనూ కనీసం ఒక పలక తన అసలు చోటికి చేరాలని నియమం పెట్టుకుంటే 19 మూవ్స్ దాటవు. 19 పలకలు కుదిరాక ఇరవయ్యోది పోవడానికి ఇంకో చోటంటూ ఉండదు కదా. రెండు పలకలు ఒకదాని చోట్లో ఒకటి కూర్చుని ఉంటే ఒక్క మూవ్‌తో రెండూ కుదురుతాయి. ఒకదాని చోట్లో రెండోది, దాని చోట్లో మూడోది, దాని చోట్లో మొదటిది ఉంటే మూడింటికీ కలిపి రెండు మూవ్స్. ఇలా చెదిరిన పలకలన్నీ ఎన్ని గొలుసులుగా ఉన్నాయో చూసుకుని, పలకల లెక్కలోంచి గొలుసుల లెక్క తీసేస్తే వచ్చేదే కనిష్ఠం. 20 పలకలు, 4 గొలుసులు అయితే 16 మూవ్స్. అంతకన్నా తక్కువలో ఎవరివల్లా కాదు.

కుప్పలు వేసే పద్ధతికి మూవ్స్ ఎందుకు పెరుగుతాయో ఇక్కడే తెలుస్తుంది. కుప్పలోకి చేరిన పలక దాని సొంత చోటికి చేరినట్టు కాదు, మళ్లీ కదిలించాల్సిందే. దీంతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పలకను పట్టుకునే ముందు అది పోవాల్సిన చోటు కళ్లతో ఖాయం చేసుకుంటాను. అనుమానముంటే దాన్ని వదిలేసి వేరేదాన్ని చూస్తాను. అనుమానపు పలకలు చివర్లో నాలుగైదు మిగిలినప్పుడు వాటంతట అవే తేలిపోతాయి. ఈ పద్ధతితో ప్రపంచ సగటు కిందికి రావడం పెద్ద కష్టం కాలేదు. పెద్ద బోర్డుల సంగతి వేరు.

శ్రావణం: చిన్నమ్మ అంగడి

మా చిన్నమ్మకు గాంధీ రోడ్డు దగ్గర మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకు సరిపడా బ్లౌజు గుడ్డ, లైనింగ్, ఫాల్స్ అక్కడ దొరుకుతాయి. శ్రావణం వచ్చిందంటే పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, ఆమెకు తిండికి తీరికుండదు. సాయానికి వెళ్లి కౌంటర్ వెనక కూర్చున్నప్పుడు గిరాకీ లేని సమయంలో ఫోన్ తీశాను. చిన్నమ్మ భుజం మీదుగా చూసింది.

"ఏందే అది, గుడ్డలు సర్దినట్టే ఉండాదే?"

ఒక బోర్డు ఆమె చేతికిచ్చాను. లేతాకుపచ్చ నుంచి నెమలికంఠం దాకా దిగే బోర్డు, నాకు కష్టమనిపించేది. ఆమె రంగుల్ని ఒక్కొక్కటిగా చూడనే లేదు. పలకను తీసుకెళ్లి అనుకున్న చోట ఆనించి, పక్క పలకతో కలిసే గీత వైపు చూసేది. గీత మాసిపోతే వదిలేసేది, కొట్టొచ్చినట్టు కనిపిస్తే ముందుకు పోయేది.

"రంగు చూడొద్దే, అంచు చూడు. ఎంత కొట్టుకున్నా కన్నుకు రంగు గుర్తుండదు. రెండు రంగులు కలిసే కాడ మాత్రం అబద్ధం చెప్పదు."

అంగట్లోనూ ఆమె చేసేది అదే. టూ బై టూ బ్లౌజు గుడ్డ ముక్కను చీర కుచ్చిళ్ల మీద పరిచి, చీర అంచు సగానికి మడిచి దాని మీద వేస్తుంది. పక్కపక్కన పెట్టి చూడదు, ఒకదాని మీద ఒకటి వేసి చూస్తుంది. మధ్యలో తెల్లటి బల్ల కనిపిస్తే పోలిక చెడుతుందంటుంది. నేను ఇన్నాళ్లుగా బ్లౌజులు కుడుతున్నా, ఈ మాట ఆటలో పెట్టి చెప్పేదాకా సరిగ్గా పట్టించుకోలేదు.

ఆమె మాటకు పాత ఆధారమే ఉంది. పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగం చూసుకున్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి నల్లదారం సరిగ్గా నల్లగా రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. నల్లదారం పక్కన నేసిన రంగు దాన్ని కంటికి వేరేలా చూపిస్తోందని తేలింది. ఆ విషయమంతా 1839లో పుస్తకంగా వేశాడు. పలకల ఆటలోనూ జరిగేది ఇదే. ఒకే బూడిదనీలం పలక పసుపు పక్కన ఒకలా, ఊదా పక్కన ఇంకోలా కనిపిస్తుంది. దూరంగా ఉన్న రెండు పలకల్ని పోల్చి "ఇదే ముదురు" అని తీర్పు చెప్తే సగం సార్లు కన్ను మోసం చేస్తుంది. పక్కకు తెచ్చి చూడాల్సిందే. కానీ తేవడానికీ ఒక మూవ్ ఖర్చవుతుంది. నేను ఇప్పుడు చేసేది మధ్యేమార్గం. అనుమానపు పలకను దాని ఇల్లనిపించిన చోటున్న తప్పు పలకతో మారుస్తాను. కుదిరితే లాభం, కుదరకపోయినా కనీసం రెండు గీతలు చూసినట్టవుతుంది.

అదే వారం శ్రీకాళహస్తి కలంకారీ చీర ఒకటి మ్యాచింగ్‌కు వచ్చింది. ఆ ఎరుపు వేళ్ల నుంచి వచ్చే రంగు, పటిక పట్టించిన చోటే గుడ్డకు అంటుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద ఒక ఎరుపు ముక్క అచ్చంగా కలిసిపోయింది. చిన్నమ్మ రెండింటినీ పట్టుకుని వాకిట్లోకి నడిచింది. ఎండలో చూస్తే చీర ఇటుక వైపు, ముక్క గులాబీ వైపు. రెండు వేరు వేరు అద్దకాలు ఒక వెలుగులో ఒకటిగా కనిపించి ఇంకో వెలుగులో విడిపోతాయి. మెటామెరిజం అంటారు దీన్ని. ట్యూబ్‌లైటు వెలుగులో రంగుల పాళ్లు ఎండలో ఉన్నట్టు ఉండవు, అదీ కారణం. అందుకే మ్యాచింగ్ సెంటర్లలో గుడ్డను గుమ్మం దాకా తీసుకెళ్లి చూపించేది.

ఫోన్ ఆటకు ఈ బాధ లేదు, వెలుగు తెరలోంచే వస్తుంది. దాని బాధలు దానికున్నాయి.

ఫోన్ సెట్టింగులు

నైట్ లైట్, ఐ కంఫర్ట్, నైట్ షిఫ్ట్, పేరేదైనా సరే, ఆడేటప్పుడు ఆపేయండి. అది తెరలో నీలాన్ని తగ్గిస్తుంది. నీలం నుంచి ఊదాకు దిగే బోర్డులో పలకలన్నీ ఒకేలా అయిపోతాయి. టైమ్ పెట్టి ఉంటే రాత్రి అయ్యేసరికి దానంతటదే మొదలవుతుంది. పగలు తేలిగ్గా చేసిన బోర్డు రాత్రి ఎందుకు మొండికేస్తోందో అర్థం కాకపోతే ముందు అక్కడ చూడండి. ఐఫోన్‌లో ట్రూ టోన్ కూడా ఉంది, గదిలో వెలుగును బట్టి తెర రంగు మారుస్తుంది. దాన్నీ ఆపడమే మేలు.

డిస్‌ప్లేలో వివిడ్, నేచురల్ అని రెండు పద్ధతులిచ్చే ఫోన్లున్నాయి. వివిడ్‌లో బోర్డు అందంగా ఉంటుంది, కానీ నాకు ఘాటు రంగుల దగ్గర పక్కపక్క ఛాయలు విడివిడిగా తెలియవు. నేచురలే నయం. వెలుతురు సగానికి పైన పెట్టి, ఆటో బ్రైట్‌నెస్ తీసేస్తాను. ముదురు ఛాయల బోర్డులు తక్కువ వెలుతురులో అసలు ఆడలేం. మేడ మీద ఎండలో కూర్చుని ఆడటం కూడా కుదరదు, తెర మీద పడే మెరుపు అన్నీ మింగేస్తుంది.

ఇంకోటి. ఒకే బోర్డును తదేకంగా చూస్తే కన్ను ఆ రంగుకు అలసిపోయి దాని ఎదురు రంగును అన్నిటి మీదా పులుముతుంది. ఎర్ర బోర్డు తర్వాత తెల్లగోడ చూస్తే ఆకుపచ్చ నీడ కనిపించేది అందుకే. చిక్కుపడితే తల ఎత్తి కిటికీలోంచి కొండ వైపు చూసి మళ్లీ వస్తాను. చాలాసార్లు తప్పు పలక వెంటనే కనిపిస్తుంది.

ఇంట్లో మిగతావాళ్లు

మా అత్తకు ఈ ఆట నచ్చలేదు. "అన్నీ ఒకటే రంగు కదమ్మా, దేన్ని జరపమంటావు?" అంది. ఆమె ఆడేది గొట్టాల్లో రంగునీళ్లు పోసే ఆట. పైనున్న రంగును అదే రంగు మీదనో ఖాళీ గొట్టంలోనో పోయాలి. అక్కడ రంగులు దేనికది విడిగా ఉంటాయి, కంటికి శ్రమ లేదు, బుర్రకే పని. ఒక ఖాళీ గొట్టాన్ని చివరి దాకా వదలకుండా కాపాడుకోవడమే ఆమె రహస్యం. గొట్టం నిండితే పని అయినట్టుంటుందంట. నాకేమో ఆ ఆటలో ఓదార్పు కనపడదు, గిన్నెలు కడిగినట్టుంటుంది.

మా మరిదికి ఎరుపు, ఆకుపచ్చల తేడా బాగా తెలియదు. ఉద్యోగం మెడికల్‌లో చుక్కల మధ్య అంకె చదవమనే ఇషిహారా పరీక్షలో బయటపడింది. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అందుకే మగవాళ్లలోనే ఎక్కువ. ఆట ఇస్తే ఆడలేడనుకున్నాం. పసుపు నుంచి నీలానికి పోయే బోర్డులు నాకన్నా తొందరగా ముగించాడు. గోధుమరంగు, ఆకుపచ్చ కలిసే చోట మాత్రం ఆగిపోతాడు. అక్కడ అతను రంగు వదిలేసి ఏది లేత, ఏది ముదురు అన్నదే చూస్తాడట. ఒక మూల తెలుపుకు దగ్గరగా ఉన్న బోర్డులైతే ఆ ఉపాయం బాగా పనిచేస్తుంది. అన్ని మూలలూ ఒకే ముదురు అయితే పనిచేయదు.

ఈ ఆట చూసి నాకు గుర్తొచ్చింది ఫార్న్స్‌వర్త్ మున్సెల్ 100 హ్యూ పరీక్ష. 1943లో వచ్చింది. 4 పెట్టెల్లో 85 రంగు బిళ్లలు, పెట్టెకు రెండు చివర్లా కదలని బిళ్లలు, మధ్యవి క్రమంలో పేర్చాలి. పేరులో మాత్రం 100 ఉంటుంది. బట్టలు, రంగుల పరిశ్రమల్లో చూపు పరీక్షకు వాడతారు. ఆటలో నెగ్గితే చూపు బాగున్నట్టని ఎవరూ అనుకోవద్దు. ఆ పరీక్షకు నిర్ణీత వెలుగు కావాలి, మన ఫోన్లు ఒక్కోటి ఒక్కో రంగు చూపిస్తాయి.

బ్రహ్మోత్సవాలు

ఇంటి నిండా చుట్టాలు. ఆట లేదు. ఫోన్ పిల్లల చేతుల్లో.

కార్తీకం: ఇప్పుడు

పెద్ద బోర్డుల్లో ఉన్నాను. నల్లచుక్కలు తక్కువ, మూలలు కూడా కదులుతాయి కొన్నిట్లో. మూల తెలియనప్పుడు ముందు అన్నిటికన్నా ఘాటైన పలకల్ని వెతుకుతాను. రెండు రంగులు కలిస్తే మామూలుగా ఘాటు కాస్త తగ్గుతుంది కాబట్టి ఘాటువి మూలలే అయ్యే అవకాశం ఎక్కువ. బూడిద ఛాయలు ఎక్కువగా మధ్యవే. ఈ బోర్డుల్లో సగటుకు కిందే ఉంటున్నా, నా కనిష్ఠం లెక్కకు మాత్రం ఇంకా నాలుగైదు పైనే తేలుతున్నాను. ఆ నాలుగైదూ ప్రతిసారీ పసుపు దగ్గరే పోతున్నాయి. లేత పసుపు, గంధం, మీగడ పక్కపక్కన వస్తే గీత ఎంతకీ మాసినట్టే ఉంటుంది. చిన్నమ్మకు చూపిస్తే ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుని కళ్లు సగం మూసి చూడమంది. కొంత నయం.

రెండో భాగం, ఐ లవ్ హ్యూ టూ, 2020లోనే వచ్చింది. అందులో చదరాలే కాకుండా ముక్కోణాలు, ఇంకా రకరకాల ఆకారాలున్నాయి. దించి పెట్టాను, తెరవలేదు. పుష్యం దాకా పెళ్లి బ్లౌజులున్నాయి, వాటిలో ఒకదానికి మీగడ రంగు లైనింగే వెతకాలి.