అద్దె ఇంట్లో నీళ్ళ లెక్క: ఆరు పోర్షన్లు, ఒక సంపు, ఒక బోరు

టులెట్ బోర్డు మీద "24 గంటలూ నీళ్ళు" అని రాయడం చాలా ఈజీ, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంతవుతుందో మాత్రం మార్చి దాటితే గానీ తెలీదు. మాది కూకట్‌పల్లి వైపు 200 గజాల్లో ఇల్లు, గ్రౌండ్ ప్లస్ టూ, ఫ్లోర్‌కి రెండు పోర్షన్లు, కింద ఒకదాంట్లో మేముంటాం, మిగతా ఐదూ అద్దెకి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్, వాచ్‌మెన్, మెయింటెనెన్స్ అని ఒక పద్ధతి ఉంటుంది, మాలాంటి ఇళ్ళకి అవేం ఉండవు కాబట్టి నీళ్ళ సంగతంతా ఓనర్ నెత్తి మీదే. అందుకే చాలామంది "నీళ్ళకి నెలకి ఇంత" అని ఒక రౌండ్ ఫిగర్ చెప్పేసి ఊరుకుంటారు. గొడవలన్నీ ఆ రౌండ్ ఫిగర్ దగ్గరే మొదలవుతాయి, ఎందుకంటే ఎవరు ఎంత వాడారో అందులో కనపడదు, పొదుపుగా వాడేవాళ్ళకే నష్టం.

ముందు అసలు ఎన్ని నీళ్ళు కావాలో చూద్దాం. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని గవర్నమెంట్ లెక్క. నలుగురున్న ఇంటికి రోజుకి 540, నెలకి 16 వేల పైచిలుకు. మా ఇంట్లో అందరూ కలిపి 20 మంది అనుకుంటే నెలకి 81 వేల లీటర్లు. 2021 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన ఉచిత నీళ్ళ పథకం నెలకి 20 వేల లీటర్లు, దానికి నల్లా మీటర్ పనిచేస్తుండాలి, ఆధార్ లింక్ అయ్యుండాలి. ఒక కుటుంబానికైతే బ్రహ్మాండంగా సరిపోతుంది, మా ఇంటికి నల్లా కనెక్షన్ ఒకటే కాబట్టి నాలుగో వంతు కూడా రాదు. మిగతాదంతా బోరు, బోరు తగ్గాక ట్యాంకర్.

ఇందులో జనం సరిగ్గా లెక్కేసుకోనిది కరెంటు. నల్లా నీళ్ళు సంపులో పడతాయి, అక్కణ్ణుంచి పైన ట్యాంక్‌కి నలభై అడుగుల ఎత్తు, చిన్న మోటర్ చాలు. బోరు నీళ్ళయితే కొన్ని వందల అడుగుల లోపల్నించి లాగాలి, అదే వెయ్యి లీటర్లకి కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ కాలుతుంది. హెచ్‌పీన్నర మోటర్ గంట నడిస్తే ఒక యూనిట్ దాటుతుంది, రోజుకి నాలుగు గంటలు నడిస్తే నెలకి 150 యూనిట్లకి అటూ ఇటూగా. ఆ మోటర్ ఓనర్ సొంత మీటర్‌కే కలిపి ఉంటే యూనిట్ రేటు ఎక్కువుండే పై శ్లాబ్‌లోకి పోతాం, బిల్లు పెరిగింది ఏసీ వల్లా మోటర్ వల్లా అన్నది తెలీదు. మోటర్ లైన్‌కి విడిగా ఒక చిన్న సబ్ మీటర్ పెట్టించడం నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట. ఇంకోటి, ఎండాకాలంలో నీళ్ళు అడుక్కి పోయి బోరు గాలి పోస్తుంటుంది, అలాగే నడిపితే మోటర్ కాలిపోతుంది, డ్రై రన్‌లో దానంతటదే ఆగిపోయే ప్యానెల్ పెట్టుకుంటే వైండింగ్ ఖర్చు, మోటర్ బయటికి లాగే మనుషుల కూలీ రెండూ మిగుల్తాయి.

ఇక లీకులు. టెనెంట్లు నీళ్ళు పారబోస్తున్నారు అనే మాట ఓనర్ల నోట ఎప్పుడూ వింటాం, కానీ నేను చూసినంతలో మనుషులు పారబోసే దానికన్నా పైపులు పారబోసేదే ఎక్కువ. సెకండ్ ఫ్లోర్‌లో ఒక బాత్రూమ్ కమోడ్‌లో వెనక గోడ మీదుగా సన్నగా నీరు జారుతుండేది, దగ్గరికి వెళ్ళి లైటేసి చూస్తే గానీ కనపడదు, శబ్దం కూడా రాదు. ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చిటికెడు పసుపు కలిపి వేశాం, ఫ్లష్ నొక్కకుండా తలుపు వేసేసి ఓ ఇరవై నిమిషాలయ్యాక చూస్తే కమోడ్‌లో తెల్ల పింగాణీ మీద పసుపు చార దిగి ఉంది. లోపల రబ్బరు వాషర్ గట్టిపడిపోయి అంచు విరిగింది, బోరు నీళ్ళ ఉప్పుకి అంతే, తెల్లగా పొర కట్టేస్తుంది. ఆ జారే నీరు నిమిషానికి 100 మిల్లీలీటర్లు అనుకున్నా, అంటే ఓ చిన్న టీ గ్లాసు, రోజుకి 144 లీటర్లు, నెలకి 4,300 లీటర్లు. ఒక 5 వేల లీటర్ల ట్యాంకర్ దాదాపుగా! వాషర్ ఖరీదు దాని ముందు ఎంత చెప్పండి. ఇప్పుడు సంక్రాంతి అయ్యాక ప్రతి పోర్షన్‌లో ఈ పసుపు టెస్ట్ చేయిస్తాను, ఎండలు ముదరకముందే.

సంపుకి కూడా టెస్ట్ ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక మోటర్ ఆపి, నల్లా వాల్వ్ కట్టేసి, సంపు గోడ మీద నీటి మట్టం దగ్గర చాక్‌పీస్‌తో గీత పెట్టాలి, పొద్దున్నే చూడాలి. 8 అడుగుల పొడవు 6 అడుగుల వెడల్పు సంపులో ఒక్క అంగుళం తగ్గిందంటే 113 లీటర్లు పోయినట్టు. మూలల్లో ప్లాస్టరింగ్ పగుళ్ళు వస్తుంటాయి, డ్రైనేజీ లైన్ పక్కనే ఉంటే ఇది డబ్బు విషయం మాత్రమే కాదు, మురికి నీరు లోపలికి వచ్చే ప్రమాదం కూడా, అశ్రద్ధ చెయ్యకండి.

మీటర్ల దగ్గరికి వద్దాం, ఎక్కువమంది నన్ను అడిగేది ఇదే. ప్రతి పోర్షన్‌కి ఒక మీటర్ పెట్టేస్తే అయిపోతుంది కదా అనుకుంటారు, మన ఇళ్ళ పైపులు అలా ఉండవు. ట్యాంక్ నుంచి బాత్రూమ్‌ల కోసం ఒక పైపు దిగుతుంది, కిచెన్‌ల కోసం ఇంకో పైపు, ఆ ఒక్కో పైపు సెకండ్, ఫస్ట్, గ్రౌండ్ మూడు ఫ్లోర్లకీ నీళ్ళిచ్చుకుంటూ పోతుంది. కాబట్టి మీటర్ టెర్రస్ మీద పెడితే లాభం లేదు, పైపులు దిగే సందులో, అంటే డక్ట్‌లో, ఏ పోర్షన్‌కి ఆ పోర్షన్ పైపు చీలే చోట పెట్టాలి, మా దాంట్లో ఒక్కో పోర్షన్‌కి రెండేసి పట్టాయి. కొత్తగా కట్టుకునేవాళ్ళు ప్లంబర్‌కి ముందే చెప్పి ఏ పోర్షన్ లైన్ ఆ పోర్షన్‌కి విడిగా దింపించుకోండి, గోడలు లేచాక అది అయ్యే పని కాదు. మీటర్ లోపల చిన్న జాలీ ఉంటుంది, బోరు నీళ్ళ ఇసక దాంట్లో చేరి టాప్ ఫ్లోర్‌లో ప్రెజర్ పడిపోతుంది, అసలే వాళ్ళకి ట్యాంక్ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి ప్రెజర్ తక్కువ, జాలీ అప్పుడప్పుడు తీసి కడగాలి. ఇంకా, చుక్క చుక్క కారే నీటిని మామూలు మీటర్ లెక్కపెట్టదు, అందుకే ట్యాంక్ అవుట్‌లెట్ మీద ఒక పెద్ద మీటర్ పెట్టి, పోర్షన్ల మొత్తాన్ని దాంతో పోల్చి చూస్తాను, తేడా పెరిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

మీటర్లు రాకముందు ఫస్ట్ ఫ్లోర్‌లో దిగిన కొత్త జంట అడిగారు, "ఆంటీ, మేమిద్దరమే కదా, పక్కింట్లో ఆరుగురు, మాకూ 700 వాళ్ళకీ 700 ఏంటి?" అని. న్యాయమైన ప్రశ్న. అట్లాగని ఆ పక్కింటివాళ్ళు దుబారా మనుషులు కాదు, మంచం పట్టిన పెద్దావిడ ఉంది, రోజూ దుప్పట్లు ఉతకాలి, నీళ్ళు ఎక్కువ పడతాయి. అందరం కూర్చుని మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నల్లా బిల్లు, మోటర్ కరెంటు, ట్యాంక్ కడిగించే ఖర్చు ఆరు సమాన భాగాలు, మాది కూడా అందులో ఒక భాగం. ట్యాంకర్ల ఖర్చు మాత్రం మీటర్ ప్రకారం. ఉదాహరణకి ట్యాంకర్లకి 4,200 అయింది, మీటర్ల మొత్తం 70 వేల లీటర్లు అనుకోండి, వెయ్యి లీటర్లకి 60 రూపాయలు పడుతుంది, 8 వేలు వాడిన జంటకి 480, 18 వేలు వాడిన ఇంటికి 1,080. ఆ పెద్దావిడ కోసం వాళ్ళ రీడింగ్‌లోంచి 3 వేల లీటర్లు తీసేసి ఆ డబ్బు నా లెక్కలో వేసుకుంటున్నాను, జంటకి కూడా చెప్పే చేశాను, వాళ్ళేం కాదనలేదు. రీడింగులు, ట్యాంకర్ రసీదులు ఫొటో తీసి నెల మొదట్లో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేస్తాను. నీళ్ళ మీద ఓనర్ ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను, అద్దె పెంచుకోవాలంటే అద్దె అనే పెంచుకోవాలి. డబ్బులు లేటయ్యాయని వాల్వ్ కట్టేసేవాళ్ళు ఉన్నారు, అది అన్యాయం, అద్దె చట్టం కూడా ఒప్పుకోదు.

నీటి ధారలో గాలి కలిపి నీళ్ళు తక్కువ పడేలా కుళాయిలకి చివర బిగించే ఏరేటర్లు కూడా వేయించాను, 2024 ఎండాకాలంలో నీళ్ళ కరువొచ్చినప్పుడు బెంగళూరు వాటర్ బోర్డు అపార్ట్‌మెంట్లకి, హోటళ్ళకి ఇవి తప్పనిసరి చేసింది. సింక్‌కి, వాష్ బేసిన్‌కి బావుంటాయి, బకెట్ నింపే కుళాయికి దండగ, ఎలా వచ్చినా బకెట్‌కి పట్టేవి అన్నే నీళ్ళు, టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు ఇల్లు తుడవడానికి, మెట్లు కడగడానికి వాడుకోవచ్చు.

ఈ వానాకాలం లోపు చెయ్యాల్సింది ఇంకుడు గుంత. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, 150 గజాల డాబా మీద అంటే లక్ష లీటర్లు, మాకు నెల రోజులకి పైగా సరిపోయే నీళ్ళు రోడ్డు మీదికి వదిలేస్తున్నాం. ఉన్న పాత గుంత మట్టితో పూడుకుపోయింది, అందులో కంకర, ఇసక మొత్తం తీసి కడిగి మళ్ళీ వెయ్యాలి, డాబా పైపుకి ముందు ఒక చిన్న సిల్ట్ ఛాంబర్ కట్టి మొదటి వాన మురికి అందులోనే ఆగేలా చెయ్యాలి. మేస్త్రీతో మాట్లాడాను, మే ఆఖర్లో మొదలుపెడతానన్నాడు, ఈ ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోనూ వెయ్యను, ఇల్లు నాది, బోరు నాది.