మావయ్య జీడి బట్టీలో బార్‌కోడ్ గోల

మా మావయ్యకి పలాసలో చిన్న జీడి బట్టీ ఉంది. పోయిన వేసవిలో "ఒరే, కంప్యూటర్ సదివినావు కదా, ఈ డబ్బాల లెక్కేటో తేల్చు" అని పిలిచాడు. వెళ్లి చూస్తే గోడౌన్ నిండా 10 కేజీల డబ్బాలు, వాటి మీద స్కెచ్ పెన్‌తో 240 అనో 320 అనో సగం చెరిగిన రాతలు. (320 అంటే రేటు కాదండోయ్, ఒక పౌండుకి, అంటే 454 గ్రాములకి, తూగే గుండు పప్పుల లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటూ పెద్దదే.)

నేను అతితెలివికి పోయి గ్రేడూ నెలా అన్నీ కోడ్‌లోనే ఇరికించి స్టిక్కర్లు కొట్టేశా. స్కానర్ అంటే ఏదో అనుకుంటాం గానీ కంప్యూటర్‌కి అదీ ఒక కీబోర్డే, గీతలు చదివి అంకెలు టైప్ చేసి ఎంటర్ కొడతాది అంతే, ఎక్సెల్ తెరిచి పెడితే వరసగా పడిపోతాయి. వారం బాగానే నడిచింది. తర్వాత కొన్ని 240 డబ్బాలు మళ్లీ ఏరిస్తే సగం 320కి దిగిపోయాయి, స్టిక్కర్ మాత్రం ఇంకా 240 అనే అంటోంది. "స్కెచ్ పెన్నయితే కొట్టేసి రాసుకుందుం కదరా" అన్నాడు మావయ్య. ఏం చెప్తాను!

అప్పుడు అర్థమైంది, స్టిక్కర్ మీద ఉత్త నంబరే ఉండాలి, మిగతాదంతా టేబుల్లో ఉండాలి. 000417 అని పెడితే ఎక్సెల్ ముందు సున్నాలు మింగేసి 417 చేసింది, దాంతో లిబ్రే ఆఫీస్ బేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయా. డబ్బాలకో టేబుల్, వాటికి జరిగినవాటికి ఇంకోటి, గ్రేడ్ మారితే పాతది చెరపకుండా కొత్త వరస పడతాది.

ఇంకో తలనొప్పి, బోర్మా (పప్పుని వేడికి ఆరబెట్టే గది) దగ్గర పెట్టిన స్టిక్కర్లు నల్లగా అయిపోయాయి. థర్మల్ కాగితం కదా, వేడి తగిలితేనే దాని మీద అచ్చు పడేది, బోర్మా వేడికి మొత్తం అచ్చయిపోయింది! రిబ్బన్ ప్రింటర్ కొనాల్సొచ్చింది.

పొట్టు తీసే ఆడోళ్లకి కేజీల లెక్కన కూలి, వాళ్లకీ కార్డులు ఇచ్చాం, ట్రే తెచ్చినప్పుడల్లా కార్డు స్కాన్ చెయ్యాలి. ఒక అప్ప మాత్రం కార్డు స్కాన్ అయ్యాక కూడా గోడ మీద బొగ్గుతో గీత గీసుకుంటాది. మొన్న సిస్టమ్‌లో ఆవిడకి ఒక ట్రే తక్కువొచ్చింది. "నా గీతలు ఎంచుకో బాబూ, ఏటి తేడానో నీకే తెలుస్తాది" అంది. ఎంచితే గోడే రైటు. నిమిషం లోపు ఒకే కార్డు రెండుసార్లు పడితే ఒకటి తీసెయ్యమని పెట్టింది నేనే, ఆవిడ ఆ రోజు రెండు ట్రేలు ఒకేసారి తెచ్చింది. ఇప్పుడు ట్రేలకి కూడా నంబర్లు అంటిస్తున్నా.