చెక్క క్యాంపింగ్ ట్రైలర్‌కు బయటి పెయింటు ఎంచుకున్న తీరు: నా అనుభవం

బండి వెనక తగిలించి లాక్కెళ్లే చెక్క ట్రైలర్‌కు బయట ఏ పెయింటు వేయాలన్న ప్రశ్నకు జవాబు డబ్బా మీద దొరకదు. కింద చెక్క ఎంత కదులుతుంది, నీళ్లు ఎటునుంచి దూరతాయి, రేపు ఎక్కడైనా పెచ్చు లేస్తే నా చేత్తో నేనే సరిచేసుకోగలనా. ఈ మూడూ తేల్చుకున్నాక పెయింటు పేరు తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. మొదట్లో నేను కూడా మెరుపు, రంగుల కార్డు చూస్తూనే కూర్చున్నాను.

కొలతలు చెప్తే మిగతా లెక్కలు అర్థమవుతాయి. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.5, ఎత్తు 1.2. పక్కలు 6 మి.మీ. ప్లైవుడ్. ముందు నుంచి వెనకదాకా వంపు తిరిగే పైకప్పు 3 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు. పక్కలు రెండూ కలిపి సుమారు 6 చదరపు మీటర్లు, పైకప్పు వంపు మరో 6. అంటే పెయింటు పడే చోటు మొత్తం 12 చదరపు మీటర్లు.

ఇంటి గోడకు, దీనికి పోలిక లేదు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ట్రైలర్ గుంటలో దిగిన ప్రతిసారీ చట్రం కాస్త మెలితిరుగుతుంది, ఆ మెలి అంతా పక్క, పైకప్పు కలిసే అతుకు మీద పడుతుంది. వానలో నడిపితే నీళ్లు కారడం కాదు, సందుల్లోకి కొడతాయి. లాగే బండి చక్రాలు లేపిన రాళ్లు తిన్నగా ట్రైలర్ ముందు భాగం కింది అంచుకు తగులుతాయి. కాబట్టి ఒకే పూత అన్నిచోట్లా ఒకేలా నిలబడుతుందనుకోవడం భ్రమ.

పరిశీలించినవి ఐదు. నూనె ఎనామిల్‌కు మెరుపు బాగుంటుంది, కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. కాకపోతే అది ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. చెక్క సాగినప్పుడు తను సాగలేక అతుకు వెంబడి నెర్రె ఇస్తుంది. జింకు పూత ఉన్న ఇనుప రేకు మీద అయితే అసలే వద్దు. అందులోని నూనె జింకుతో కలిసి సబ్బులా మారి, పెయింటు రేకులు రేకులుగా లేచిపోతుంది. పడవలకు వాడే ఒక డబ్బా పాలీయూరిథేన్ ఎనామిల్ కన్నా గట్టిది, మెరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయూరిథేన్ అన్నిటికన్నా గట్టిది, కానీ దాని హార్డెనర్‌లో, అంటే గట్టిపడటానికి కలిపే రెండో డబ్బాలో, ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఇబ్బందే. బయటి నుంచి గాలి అందించే ముసుగు లేకుండా దాన్ని గన్నులో పోయకూడదు. నాకు ఆ సరంజామా లేదు, అక్కడితో దాన్ని పక్కన పెట్టేశాను.

నాలుగోది ట్రక్కు తొట్టికి పూసే గరుకు పూత. లప్పం ఎగుడుదిగుళ్లన్నీ దాచేస్తుంది, రాయి తగిలినా చెక్కుచెదరదు. అయితే 1 మి.మీ. మందం కావాలంటే చదరపు మీటరుకు ఎండాక 1 లీటరు మిగలాలి. 12 చదరపు మీటర్లకు 12 లీటర్లు, అంటే 12 కిలోలకు పైనే బరువు. అదీ కాక, కింద చెక్క కుళ్లితే చూడటానికి ఆ పూత గీకి తీయడం నరకం. ఐదోది ఇంటి బయటి గోడలకు వాడే నూరు శాతం అక్రిలిక్. సాగుతుంది, ఎండను తట్టుకుంటుంది, వాసన తక్కువ, కుంచె నీళ్లతో కడిగేయొచ్చు. మెత్తన, అదే దాని లోపం.

ఎవరి మాటా నమ్మకుండా, మిగిలిన ప్లైవుడ్‌తో 30 సెం.మీ. చదరాలు కోశాను. ప్రతి ముక్కకూ మధ్యలో ఒక అతుకు, ఒక స్క్రూ. సగం ముక్కలకు ముందు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్), సగానికి మామూలు ప్రైమర్. ఎండకు ఎదురుగా వాల్చి, కింది అంచు 2 సెం.మీ. నీళ్లలో మునిగేలా తొట్టెలో పెట్టి ఎనిమిది వారాలు వదిలేశాను. అంతకాలం ఆగలేనివాళ్లు కనీసం మూడు వారాలైనా ఆగండి. ముక్క మీద బయటపడిన తప్పు దిద్దడం తేలిక, ట్రైలర్ మీద కాదు.

ప్రైమర్ మీద నేరుగా ఎనామిల్ వేసిన ముక్క అతుకు దగ్గర చీలింది, కింది అంచు ఉబ్బింది. అదే ప్రైమర్ మీద అక్రిలిక్ చీలలేదు కానీ అంచు అదీ ఉబ్బింది. అంటే అంచులో దూరే నీటిని ఏ పెయింటూ ఆపడం లేదు. ప్లైవుడ్ అంచు అంటే చెక్క నాళాల నోళ్లు, నీళ్లు పీల్చే స్ట్రాల కట్ట లాంటిది. మెత్తటి కర్ర ముఖం ఉన్న ప్లైవుడ్ ముక్కల మీద ఇంకో రోగం కనిపించింది. ఏ పెయింటు వేసినా నార వెంబడి వెంట్రుక మందం నెర్రెలు. దుంగను తిప్పుతూ బ్లేడుతో పొర తీసేటప్పుడే ఆ పొర వెనక సన్నటి చీలికలు పడతాయి. నాని ఎండినప్పుడల్లా అవి తెరుచుకుంటాయి. వాటికి పెయింటులో మందు లేదు, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పడాల్సిందే. గట్టి కర్ర ముఖం ఉన్న ప్లైవుడ్‌లో ఈ బాధ చాలా తక్కువ.

ఎపాక్సీ ముక్కల మీద అంచు ఉబ్బలేదు. కానీ దాని మీద నేరుగా పూసిన నూనె ఎనామిల్ నాలుగో రోజుకు కూడా వేలికి అంటుకుంటూనే ఉంది. ఎపాక్సీ హార్డెనర్‌లో మిగిలిపోయిన అమైన్లు అనే రసాయనాలు ఎనామిల్ ఆరడాన్ని అడ్డుకుంటాయి. పడవల ఒక డబ్బా పెయింట్లలో కొన్నిటికీ ఇదే పేచీ. మధ్యలో వాటికి తగిన ప్రైమర్ వేస్తే కుదురుతుంది. అక్రిలిక్‌కు ఈ గొడవ లేదు, దాని పని అది చేసుకుపోయింది. ఎపాక్సీకి ఎండ పడదు, నెలల్లో పసుపెక్కి సుద్దలా రాలుతుంది. కనుక పైన ఏదో ఒక పెయింటు తప్పదు.

తీర్మానం ఇలా కుదిరింది: నీటిని ఆపే పని ఎపాక్సీది, ఎండను ఆపే పని అక్రిలిక్‌ది, రాళ్ల దెబ్బ కాచుకునే పని ముందు కింద 40 సెం.మీ. మేర వేసిన గరుకు పూతది.

ఎపాక్సీ లెక్క: పైకప్పుకు చదరపు మీటరుకు 200 గ్రాముల ఫైబర్‌గ్లాస్ గుడ్డ, దాన్ని తడపడానికి దాదాపు అంతే బరువు రెజిన్, నేత నిండడానికి మరో రెండు పూతలు. రెజిన్ మొత్తం 2.6 కిలోలు. పక్కలకు గుడ్డ లేకుండా రెండు పూతలు, 1.4 కిలోలు. అంచులు, అతుకుల మీద టేపు, వృథా కలిపి 5 కిలోలు తెచ్చుకుంటే సరిపోయింది. అంచులకు మూడుసార్లు పూయాలి. మొదటిసారి పూసింది పదిహేను నిమిషాల్లో మాయమైపోతుంది, అది మామూలే.

పొద్దున పూయకండి. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి తన్నుతుంది, ఎపాక్సీ నిండా పొక్కులు వస్తాయి. సాయంత్రం, వేడి దిగుతున్నప్పుడు పూస్తే చెక్క రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని ముందు మంచినీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడిగి తుడిచేయాలి, ఆ తర్వాతే సాండ్‌పేపర్. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోయి, తర్వాత పెయింటు చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది. రుద్దడం 120 నంబరుతో, మెరుపు చుక్క మిగలకుండా. ప్లైవుడ్ ముఖపు పొర మి.మీ. కన్నా పలచన, మిషన్‌ను ఒకేచోట ఆపితే అది క్షణంలో పోతుంది.

పట్టు చూడటానికి ముక్కల మీద అడ్డగీతల పరీక్ష చేశాను. పూత 60 నుంచి 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఉంటే బ్లేడుతో 2 మి.మీ. ఎడంలో ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఆరు. మొత్తం 25 గళ్లు. మీద టేపు అంటించి లాగాలి. రుద్దని ఎపాక్సీ మీద గళ్లు గుత్తులుగా ఊడి వచ్చాయి. 120తో రుద్దినచోట గీతల అంచులు మాత్రం కొద్దిగా చెదిరాయి. ఒకే డబ్బా, ఒకే రోజు వేసిన పూత.

పెయింటు పరిమాణం: లీటరుకు 10 చదరపు మీటర్లు పూస్తే తడిపొర 100 మైక్రాన్లు. అందులో ఘనపదార్థం 38 శాతమైతే ఎండాక మిగిలేది 38 మైక్రాన్లే. ఒక పూత చాలదనేది ఇందుకే. 12 చదరపు మీటర్లకు ప్రైమర్ లీటరున్నర, అక్రిలిక్ పక్కలకు రెండు పూతలు, పైకప్పుకు మూడు. మొత్తం 3 లీటర్లు పట్టింది, వృథాకు అర లీటరు ఎక్కువ తీసుకోవాలి. పూతల మధ్య 220 నంబరుతో తేలిగ్గా ఒక చేయి. సన్న స్పాంజి రోలర్‌తో 60 సెం.మీ. పట్టీ వేయడం, వెంటనే దాదాపు పొడిగా ఉన్న కుంచె కొనతో పై నుంచి కిందికి ఒక్కసారి సవరించడం, తడి ఆరకముందే పక్క పట్టీ. వెనక్కి వెళ్లి దిద్దాలనే దురద ఆపుకోవాలి. అక్రిలిక్ పది నిమిషాల్లో పైపొర కట్టేస్తుంది, దాని మీద కుంచె పెడితే పీచులా లేస్తుంది. నీడలో, 10 నుంచి 30 డిగ్రీల మధ్య, మంచు పడే వేళకు బాగా ముందే ముగించాలి. మాస్కింగ్ టేపు పెయింటు కాస్త తడిగా ఉండగానే లాగేయాలి, ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

రంగు విషయంలో నాకు ఇష్టమైనది ముదురు ఆకుపచ్చ. వేసింది పాలతెలుపు. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, ఎండలో ముదురు రంగు ప్లైవుడ్ అంతకన్నా ఎక్కువే కాగుతుంది. అప్పుడు గుడ్డ నేత పైకి అచ్చు పడుతుంది. పైగా ముదురు రంగు కోసం డబ్బాలో కలిపే రంగు ద్రవం ఎక్కువ, దాంతో అక్రిలిక్ ఇంకా మెత్తగా ఉండిపోతుంది. మెరుపు సగం చాలు. పూర్తి మెరుపు ప్రతి లప్పం మచ్చనూ చూపిస్తుంది, మెరుపు లేనిదానికి మట్టి పట్టి వదలదు.

ఇక తలుపులు. అక్రిలిక్ అసలు బలహీనత ఇక్కడే. గంటలో చేతికి అంటదు, కానీ పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పడుతుంది. ఈలోగా తలుపు బిగించి మూస్తే, తెరిచినప్పుడు రబ్బరు పట్టీతో పాటు పెయింటు చారలుగా ఊడి వస్తుంది. అందుకే తలుపు చట్రాలకు అన్నిటికన్నా ముందు పూసి, పట్టీలు చివరన పెట్టాను. పట్టీ పీవీసీది కాకూడదు. పీవీసీని మెత్తగా ఉంచే నూనె పెయింటులోకి దిగి, ఆరు నెలల తర్వాత కూడా దాన్ని జిగురు చేస్తుంది. ఈపీడీఎం రబ్బరుతో ఆ బెడద లేదు. మొదటి నెల దాని మీద కాస్త టాల్కం పౌడర్ రాస్తే ఇంకా మంచిది.

దీపాలు, కిటికీ చట్రాలు, అల్యూమినియం అంచు పట్టీలు అన్నీ పెయింటు తర్వాతే. స్క్రూ రంధ్రం రెండింతలు పెద్దగా చేసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ సన్నగా వేస్తే స్క్రూ చెక్కను తాకదు. వాటి కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), బయటి సందులకు పాలీయూరిథేన్ సీలెంట్. సిలికోన్ మాత్రం పెయింటు పూర్తయ్యేదాకా ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి. దాని మీద ఏ పెయింటూ నిలవదు, చేతి గుడ్డకు అంటిన కొంచెం చాలు పక్క పూత పాడవడానికి.

మిగిలిన పెయింటును చిన్న సీసాలో మూతదాకా నింపి, గాలి లేకుండా బిగించి, రంగు నంబరూ తేదీ రాసిపెట్టాను. పెచ్చు లేచినచోట 120తో అంచులు పలచబడేలా రుద్ది, చెక్క కనిపిస్తే ముందు రెండు పూతలు ఎపాక్సీ, కడిగి రుద్దాక అదే సీసాలోంచి రెండు చేతులు. చెక్క తడిగా ఉంటే ముందు పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే తేమను లోపలే బంధించినట్టు అవుతుంది. వానాకాలానికి ముందూ తర్వాతా నేను చూసే చోట్లు రెండే: తలుపు కింది అంచు, వెనక దీపాల చుట్టూ.