నొప్పి తగ్గిన వారం

ఆ నొప్పి మొదటిసారి తెలిసింది తుమ్మినప్పుడు. కుడి డొక్కలో కలుక్కుమంది. దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా, మంచం మీద నుంచి లేచినా అదే పోటు. అరచేత్తో అక్కడ అదిమి పట్టుకుంటే కాస్త నయం. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడేది. "గ్యాస్ పట్టేసుంటుందమ్మా" అంటూ అత్తయ్య వాము నీళ్లు కాచి ఇచ్చారు. నేను మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని బడికి వెళ్తూనే ఉన్నాను.

పది రోజులకు నొప్పి తగ్గిపోయింది. ప్రాణం తేలికపడింది. నిజానికి నా జబ్బు ముదిరింది ఆ వారమే. ఈ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను తెలుగు టీచర్ని. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం దగ్గర. పాదం మొత్తం ఒక్క ఊపిరిలో చదవడం ఏళ్ల అలవాటు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో యతిదాకా కూడా రాలేకపోయాను. మళ్లీ ఎత్తుకున్నాను, మళ్లీ మధ్యలోనే ఆయాసం. ముందు బెంచీ పిల్ల లేచొచ్చి తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

డాక్టరుగారు వీపు మీద వేళ్లతో తట్టి చూశారు. ఎడమవైపు బోలుగా మోగింది. కుడివైపు కిందికి వచ్చేసరికి నిండుకుండను తట్టినట్టు మొద్దు చప్పుడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగుభాగమంతా తెల్లగా ఉంది. "ఊపిరితిత్తి చుట్టూ రెండు పల్చటి పొరలుంటాయి టీచరుగారూ. వాటి మధ్య కొద్దిపాటి తడి ఉంటుంది. పొరలు వాచి ఒకదానికొకటి రాసుకుంటే పోటు. మధ్యలో నీరు చేరితే అవి విడిపోతాయి, నొప్పి తగ్గుతుంది, ఆయాసం మొదలవుతుంది" అన్నారు. మా వైపు నెమ్ము అనే మాట విన్నాను గానీ, లోపల ఏం జరుగుతుందో అప్పుడే తెలిసింది.

ముందు స్కాన్ చేసి చోటు గుర్తు పెట్టారు. బల్ల మీద దిండు పెట్టి ముందుకు వాలి కూర్చోమన్నారు. మత్తు సూది చురుక్కుమంది, అంతే. లేత పసుపు రంగు నీరు గొట్టం వెంట సంచిలోకి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. కొంత తీశాక ఆగని దగ్గు పట్టుకుంది. నలిగి ఉన్న ఊపిరితిత్తి తెరుచుకునేటప్పుడు అలా వస్తుందని నర్సమ్మ నా భుజం పట్టుకుని చెప్పింది.

ఇలా నీరు చేరడానికి న్యుమోనియా, వైరస్, కీళ్లవాతం, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు), ఊపిరితిత్తిలో రక్తం గడ్డ, క్యాన్సర్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందుకే తీసిన నీటిని పరీక్షకు పంపాల్సిందే. నా నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ బాగా ఎక్కువగా ఉంది, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు నిండా ఉన్నాయి. టీబీ. ఆ పేరు వినగానే అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పొరకు వచ్చిన టీబీలో క్రిములు తక్కువే ఉంటాయనీ, కళ్లెలో ఏమీ లేదు కాబట్టి ఇంట్లోవాళ్లకు అంటుతుందని బెంగ అక్కర్లేదనీ డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. అయినా అందరికీ పరీక్షలు చేయించారు.

ఆరు నెలల కోర్సు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. బిళ్లలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి, అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల. కళ్లు పచ్చబడ్డా, చూపు మసకేసినా మాత్రం వెంటనే చెప్పాలి. మూడో నెలకే నాకు ఒళ్లు తేలికైపోయి, ఇక మానేద్దామనిపించింది. ఆశా కార్యకర్త మానుకోనివ్వలేదు. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారవచ్చు.

ఊపిరి పీలిస్తే పోటొచ్చే నొప్పిని గ్యాస్ అని వదిలేయకండి. అది హఠాత్తుగా వచ్చి, వెంటే ఆయాసమో, దగ్గులో రక్తమో ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి.

మూడు బంతుల పరికరంతో రోజూ ఊపిరి పీల్చే సాధన చేశాను. మొదట ఒక్క బంతే లేచేది. ఐదో నెలలో శార్దూల పాదం ఒక్క ఊపిరిలో పూర్తయింది. పొర కాస్త మందమైందట. చివరి అక్షరం దగ్గర డొక్కలో ఇప్పటికీ సన్నగా లాగుతుంది.