రోహిణి కార్తెలో మంగళగిరికి నడిచిన పిల్ల

"ఎలుగుబంట్ల మధ్య పడుకోబెట్టావు గానీ, బ్యారేజీ దాకా నడిస్తే పోతుందా పిల్ల?"

మా అమ్మ అన్న మాట ఇది. పోయిన వేసవిలో, విజయవాడ భవానీపురంలో మా ఇంట్లో, ఏసీ గది తలుపు ముందు నేను కాపలా కుక్కలా కూర్చుని ఉన్నప్పుడు. కోపం వచ్చింది, ఎందుకంటే నిజం.

మేం ఉండేది అట్లాంటాలో. పెద్దదానికి 16, చిన్నాడికి 11. తెలుగు బడి, సంగీతం, కూచిపూడి అంటూ అన్నిచోట్లకీ తిప్పాం, పెద్దది ఒక్కోటీ వదిలించుకుంటూ వచ్చి చివరికి పట్టుకున్నది నడక. అపలాచియన్ ట్రైల్ అని, మా ఇంటికి రెండు గంటల దూరంలో స్ప్రింగర్ మౌంటెన్ అనే కొండ మీద మొదలై 14 రాష్ట్రాలు దాటి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ దాకా పోతుంది, దాదాపు 3,500 కిలోమీటర్లు. దారి పొడుగునా చెట్లకు తెల్ల రంగు పట్టీలు, వాటిని పట్టుకుని పోవడమే. మొత్తం ఒక్క ఊపున నడిచేవాళ్లకు ఐదారు నెలలు పడుతుంది. మాకంత సెలవూ లేదు, దమ్మూ లేదు. అంతకు ముందు ఏడాది జూన్ చివర్లో జార్జియాలో ఉన్న ముక్క మాత్రం, 126 కిలోమీటర్లు, ఎనిమిది రోజుల్లో ముగ్గురం నడిచాం, చిన్నాణ్ణి స్నేహితుల ఇంట్లో వదిలి.

ఆ ఎనిమిది రోజులు ఎలా ఉంటాయో చెప్పాలంటే, ఫోటోల్లో కనిపించే కొండ చివర్లు రోజుకి పది నిమిషాలు, మిగతాదంతా చెట్ల కింద ఆకుపచ్చ సొరంగం, గాలి ఆడదు, చెమట ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి, బ్యాగు పట్టీల కింద చర్మం లేచిపోతుంది, కళ్ల ముందు జోరీగలు, సాయంత్రం కాగానే ఒకరికొకరు పేలు చూసుకున్నట్టు గోమార్ల కోసం వెతుక్కోవాలి. అన్నిటికంటే బంధువులకు నచ్చిన ముక్క ఇంకొకటి. కాలకృత్యాలకు దారికీ నీళ్లకీ దూరంగా వెళ్లి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి. మా బాబాయి ఫోన్లో పడీ పడీ నవ్వాడు. "ఇక్కడ ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టించుకుంటే నువ్వు అమెరికా పోయి గొయ్యి తవ్వుకుంటున్నావా అమ్మాయ్?"

నేను పెరిగింది రెండు గదుల డాబాలో. ఎండాకాలం సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు కొట్టి, పొగలు తగ్గాక చాపలు పరుచుకునేవాళ్లం. కరెంటు పోతే తాటాకు విసనకర్ర, ఎవరి చెయ్యి ముందు నొప్పెడితే వాళ్లు ఓడినట్టు. ఆ ఉక్కలోంచి పారిపోవడానికే చదివాననిపిస్తుంది ఒక్కోసారి. అలాంటిదాన్ని, అమెరికాలో డబ్బులు పోసి బూట్లు, బ్యాగులు, వడపోత గొట్టాలు కొని, పిల్లకి కష్టం అలవాటు చెయ్యాలని అడవికి తీసుకెళ్తాను. ఆ పిల్లనే ఇక్కడికి తెచ్చాక మాత్రం ఏసీలో పెట్టి తాళం వేస్తాను. అక్కడి కష్టం నేను ఎంచుకున్నది కాబట్టి గొప్ప. ఇక్కడిది నేను వదిలించుకున్నది కాబట్టి దాని నీడ కూడా పిల్ల మీద పడకూడదు. ఇంతకంటే వేరే వివరణ నా దగ్గర లేదు.

అక్కడ బడులు మే చివర్లో మూసేస్తారు. కాబట్టి మేం దిగేసరికి సరిగ్గా రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు. మూడో రోజు పొద్దున నేను నిద్రలో ఉండగా పెద్దది తొమ్మిదింటికి బయల్దేరి ఒక్కతే ప్రకాశం బ్యారేజీ దాకా పోయి, దాన్ని ఆ కొస దాకా దాటి వెనక్కి వచ్చింది. ఆ బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, మధ్యలో నీడన్నది లేదు, కింద నీళ్ల మీంచి కూడా సెగే. పదకొండున్నరకు ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. తలనొప్పి, రెండు వాంతులు, పిక్కలు పట్టేశాయి. "రెండు లీటర్లు తాగానమ్మా" అంటుంది. తాగింది, ఉత్త నీళ్లు.

నేను కారు తాళాలు వెతుక్కుంటూ ఏడుస్తున్నాను. అమ్మ దాన్ని ఫ్యాను కింద పడుకోబెట్టి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, పేరేంటి, ఇవాళ ఏ వారం, మీ తమ్ముడేడీ అని ప్రశ్నలు వేసింది. మాట తేడాగా ఉంటే ఒక్క నిమిషం ఆగొద్దు, ఆసుపత్రికే అంది. మాట బానే ఉంది. వాంతి తగ్గాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చెంచాతో, అరగంట పాటు. పిల్ల ట్రైల్ కోసం చదువుకున్న పాఠంలో ఇదంతా ఉంది, ఆ ప్రశ్నలు వేయడంతో సహా. చెమటలో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది, ఉత్త నీళ్లే పోస్తూ ఉంటే ఒంట్లో ఉప్పు ఇంకా పల్చబడుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆలోగా చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తంలో నీటి పాలు పెరగడం ఒక్కోటీ జరుగుతాయి. అట్లాంటాలో 30కి అలవాటైన ఒళ్లు ఇక్కడి 43కి మూడు రోజుల్లో రాదు. పైగా కృష్ణ ఒడ్డు, కాలవల ఊరు, గాలిలో తడి. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇదంతా చదివిన పిల్ల, అలవాటు లేని ఎండలోకి పోయి, ఉప్పు మర్చిపోయింది.

ఆ సాయంత్రమే ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పింది వాళ్ల అమ్మమ్మకి, ముక్కలు ముక్కలు తెలుగులో. 1955లో, 67 ఏళ్ల వయసులో, మామూలు గుడ్డ బూట్లు వేసుకుని, ఇంట్లో కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని, ఆ ట్రైల్ మొత్తం ఒంటరిగా నడిచిన మొదటి ఆడమనిషి. 11 మంది పిల్లల తల్లి. ఇంట్లో వాళ్లకి నడవడానికి పోతున్నానని మాత్రం చెప్పిందట. మా అమ్మకీ 67. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పదకొండు మందిని కన్నాక అడవే నయం అనిపించి ఉంటుంది" అని, ఆ వెనకే, నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. పెళ్లయిన కొత్తలో, నేను పుట్టక ముందు, మా నాయనమ్మతో కలిసి మొక్కు తీర్చుకోవడానికి ఈ ఇంటి నుంచి మంగళగిరికి నడిచి వెళ్లిందట. నలభై రెండేళ్లలో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నా కూతురు అడిగింది, ఎన్ని గంటలు పట్టింది, ఏం తిన్నారు, బొబ్బలెక్కాయా.

ఇక ఇద్దరూ ఒకటైపోయారు. నాకు ఓటు లేదు.

జెట్‌లాగ్ మీద మనం పడే ఏడుపంతా దండగ, పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు కదా, అదే నడవాల్సిన వేళ. రోజూ నాలుగింటికి అమ్మా అదీ భవానీ ఘాట్ దాకా, తర్వాత బ్యారేజీ దాకా, రోజురోజుకీ కొంచెం దూరం. మధ్యాహ్నం ఏసీ మొదట గంట, తర్వాత రెండు గంటలు కట్టేశారు, చిన్నాడు నన్ను చూసి కళ్లు తిప్పాడు. పిల్ల వీపంతా చెమటకాయలు. ఒకటి మాత్రం తెలుసుకున్నాను. ఎనిమిదేళ్లు తెలుగు బడిలో రానివి పన్నెండు రోజుల్లో వచ్చాయి. ఉక్క వేరు, సెగ వేరు, వడగాలి వేరు, ఎండ చుర్రుమనడం వేరు. దాని ఇంగ్లీషులో అన్నీ ఒకటే మాట.

నూలు బట్టల మీద మాత్రం పెద్ద యుద్ధం. ట్రైల్ వాళ్లు నూలు వేసుకోవద్దంటారు, కొండ మీద తడిస్తే ఆరదు, చలికి మనిషి బిగుసుకుపోతాడు. అమ్మేమో తడి తుండుగుడ్డ మెడకి చుట్టమంటుంది. రెండూ నిజమే, త్వరగా ఆరకపోవడమే అక్కడ ప్రమాదం, మెల్లగా ఆరుతూ ఉండటమే ఇక్కడ చల్లదనం. చివరికి పిల్ల ఒంటి మీద సింథటిక్ చొక్కా, మెడ చుట్టూ తాతయ్య తుండు.

పదమూడో రోజు నాలుగింటికి బయల్దేరాం. పదిహేను కిలోమీటర్ల పైమాటే. నేనూ పెద్దదీ నడక, మా తమ్ముడు స్కూటర్ మీద వెనకే, మోకాళ్ల నొప్పి వల్ల అమ్మ ఆటోలో నేరుగా మంగళగిరికి. చీకట్లో కొండ మీద అమ్మవారి గుడి దీపాలు, బ్యారేజీ, సీతానగరం, ఉండవల్లి సెంటరు, తాడేపల్లి దగ్గర తెల్లారింది. ఆరున్నరకు ఒక చలివేంద్రం దగ్గర పెద్దాయన కుండలకు తడిగుడ్డలు చుడుతున్నాడు. అపలాచియన్ దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్లు నడిచేవాళ్ల కోసం నీళ్లు, పళ్లు పెట్టి పోతే దాన్ని ట్రైల్ మ్యాజిక్ అంటారు. ఇక్కడ రోజూ ఇలా పెడతారని చెబితే పిల్ల నమ్మలేదు. గ్లాసు అందుకుంది, నా వైపు చూసింది. నాకు టెన్షన్, తాగొద్దంటే ఆయన బాధపడతాడు, తాగితే దీని కడుపు. పిల్లే బ్యాగులోంచి వడపోత గొట్టం తీసి, సిగ్గుపడకుండా, "తాతగారూ, నాకు అలవాటు లేదండీ, దీంతో తాగుతాను" అంది. ఆయన గొట్టం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, మా మనవడికోటి పంపు" అన్నాడు. తలదించుకుంది నేనే.

మంగళగిరి మెట్ల దగ్గరికి ఎనిమిదింబావు. మెట్లెక్కేసరికి అరికాళ్లు చురచుర. పానకాల స్వామికి బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకమే నైవేద్యం, నోట్లో పోస్తే సగం తాగి సగం మనకి వదిలేస్తాడంటారు. వదిలేసిన ఆ సగం పిల్ల గటగటా తాగేసి, "దీంట్లో ఉప్పొక్కటే తక్కువ" అంది. అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది.

కిందికి దిగాక కాలి మడమ మీద రెండు బొబ్బలు, చింపకుండా పట్టీ వేసుకుంది. తిరుగు ఆటోలో అమ్మా అదీ గుసగుసలాడుకుంటుంటే ఏంటని అడిగాను. కొండవీడు కోట, శనివారం. మూడున్నరకు అలారం పెట్టేశారు, నా ఫోన్లో.