రెండో కట్టు

గురువారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా బస్టాండుకి వెళ్ళి గుంటూరు బస్సెక్కుతాడు. శుక్రవారం పొద్దున్నే మొగల్రాజపురంలో దిగి, స్నానం చేసి, మళ్ళీ ఆఫీసు. పక్క ఫ్లాట్ ఆవిడ ఏదో ఆడిట్ పని అనుకుంటోంది, అనుకోనీ. బ్రాడీపేటలో అతను ప్రేమించిన మనిషి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. రెండేళ్ళయింది. నాకు మాత్రం ఇంకెవరూ లేరు, పట్టుబట్టి వద్దనుకున్నదేమీ కాదు, రాలేదు అంతే. (ఇది చదివి 'అయ్యో పాపం' అనిపించినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.)

మనకి దీనికి మాటల్లేవా అంటే బోలెడున్నాయి. చిన్నిల్లు, సవతి, ఉంచుకోవడం, పేపర్లో అయితే వివాహేతర సంబంధం. ఏ మాట తీసుకున్నా ఒకరికి తెలియకుండా జరగడమో, తెలిసినా నోరు మూసుకుని పడి ఉండడమో అందులో ఉంటుంది. ముందే చెప్పి, అడిగి, ఒప్పించుకుని చేసేదానికి మాత్రం మాట లేదు. దీనికి ఇంగ్లీషులో వాడే పాలీయామరీ అన్న మాట కూడా పాతదేం కాదు, గ్రీకు ముక్క ఒకటి లాటిన్ ముక్క ఒకటి అతికించి 1990ల మొదట్లో అమెరికాలో వాడుకలోకి తెచ్చారు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది 2006లో.

నేను సరే అనడానికి ఎనిమిది నెలలు పట్టింది. 'నువ్వు వద్దంటే వెళ్ళను' అన్నాడు, నిజంగానే వెళ్ళలేదు, ఆ ఎనిమిది నెలలూ ఒక్కసారి కూడా. అలా ఆగగలడని చూశాకే సరేనన్నాను. తర్వాత కూర్చుని అన్నీ రాసుకున్నాం. ఏ రాత్రులు, ఎంత డబ్బు, ఆర్నెల్లకోసారి ముగ్గురం రక్తపరీక్షలు, ఎవరికి చెప్పొచ్చు ఎవరికి చెప్పకూడదు. మా అమ్మకి తెలిస్తే నవ్వుతుందో ఏడుస్తుందో గానీ, ద్రౌపది ఇంట్లో నారదుడు పెట్టించింది కూడా ఇలాంటి ఒప్పందమే కదా. ఒకరితో ఉన్నప్పుడు ఇంకొకరు ఆ గుమ్మం తొక్కకూడదు. తొక్కినవాడు, మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేశాడని ఊరంతా చెప్పుకునే అర్జునుడు. బ్రాహ్మడి ఆవుల కోసం, లోపలున్న ఆయుధాల కోసం వెళ్ళాడు, పాపం. అయినా మాట మాటే అని ఊరొదిలి వెళ్ళాడు, వెళ్ళినవాడు సుభద్రని చేసుకుని తిరిగొచ్చాడు!

అప్పుడు ద్రౌపది అన్న మాటే నన్ను వదలదు. ఎంత గట్టిగా కట్టిన మోపుకైనా, మీద ఇంకో కట్టు వేస్తే మొదటిది వదులవుతుంది, అంటుంది. ఐదుగురు మొగుళ్ళున్న మనిషి అన్న మాట ఇది. ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళు, ప్రేమించినవాళ్ళు ఇంకొకరితో సంతోషంగా ఉంటే తమకి కలిగే సంతోషానికి కంపర్షన్ అని పేరు పెట్టుకున్నారు. నాకు అది ఎప్పుడో ఒకసారి కలుగుతుంది, అదీ గురువారం రాత్రి కాదు.

పోయిన వర్షాకాలం మా ఆయనకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆస్పత్రిలో చేర్చాం, పేషెంటుతో ఒక్కరే ఉండాలన్నారు. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి కింద రిసెప్షన్ దగ్గర నిలబడింది. 'మీరేమవుతారు' అని సెక్యూరిటీ అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర ఏముంది? వ్యభిచారాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ని 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది, మా వ్యవహారం నేరం కాదు, అంతవరకే. (ఆ సెక్షన్లో పెళ్ళయిన ఆడమనిషి దగ్గరికి పరాయి మగాడు వెళ్ళడం ఆమె మొగుడు ఒప్పుకుంటే నేరం కాదు, ఆమె ఒప్పుకుందా అన్న ప్రశ్నే లేదు. నూట యాభై ఏళ్ళకి పైగా నడిచింది.) పెళ్ళి చేసుకుందామంటే అది నేరం, ఏడేళ్ళ దాకా జైలు. అంటే ఆవిడకి ఏ కాగితమూ రాదు. 'మా ఆడపడుచు' అని చెప్పి నా పాస్ ఇచ్చి పైకి పంపించి, నేను బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. గొప్పకి చెప్పడం లేదు, ఆ గంటసేపూ కడుపులో తిప్పుతూనే ఉంది.

కిందికొచ్చాక ఆవిడే అంది, 'వాళ్ళ నాన్నగారి రికార్డింగ్ వినిపించానండీ, కాస్త నిద్రపోయారు' అని.

ఏ రికార్డింగ్? మామయ్యగారు పోయి నాలుగేళ్ళు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆయన గొంతు ఫోన్లో దాచుకున్నాడని, మనసు బాగోలేనప్పుడు వింటాడని నాకు తెలీదు. వాళ్ళిద్దరూ ఒక మంచం మీద పడుకోవడానికి నేను ఒప్పుకుని సంతకం పెట్టినంత పని చేశాను, అది ఇంత నొప్పి పెట్టలేదు. మేం రాసుకున్న కాగితంలో దీనికి లైనే లేదు. ఏం రాస్తాం? ఏడవాలంటే ముందు నా దగ్గరే ఏడవాలి అని రాస్తామా?

ఇంటికొచ్చిన పది రోజులకి అడిగేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నువ్వు ఆయన్ని చూశావు, మంచాన పడితే సేవ చేశావు. నీకు వినిపిస్తే నువ్వూ ఏడుస్తావు, అప్పుడు నేను నిన్ను చూసుకోవాలి. తను ఆయన్ని చూడనే లేదు, అందుకని తేలిక' అన్నాడు. కోపమొచ్చింది. నిజం కూడా అనిపించింది, అందుకే ఇంకా కోపమొచ్చింది.

వినిపించమన్నాను. ముప్పై సెకన్లు కూడా లేదు. తెనాలి నుంచి మామయ్యగారు గ్యాస్ బుక్ చేశావా లేదా అని కొడుకుని కేకలేస్తున్నారు. వెనకాల ఎవరో 'మామయ్యగారూ, ముందు మాత్ర వేసుకోండి, తర్వాత తిడుదురుగాని' అంటున్నారు. నేనే. అంటే గుంటూరు ఆవిడ నన్ను చూడకముందే, ఎన్నిసార్లో మరి, నా గొంతు వింటూ ఉంది.